పలకకూడని పేర్లు

“ఆ పెట్టె ఇంకో మెట్టు దిగిందంటే దాంతోపాటు నేనూ ఈ ఇల్లు దిగిపోతాను. చూసుకోండి మరి,” అంది మేస్త్రి భార్య.

ఆమె మెట్ల మధ్యలో అడ్డంగా కూర్చుంది. నాలుగు మెట్లపైన రేకు పెట్టెను రెండు చేతులా పట్టుకుని మేస్త్రి నిలబడ్డాడు. పెట్టె ముసలి ఫాదర్‌ది. రెండు అంగీలు, ఒక దుప్పటి, గడ్డం గీసుకునే సామాను, నాలుగు పుస్తకాలు. ఆ పెట్టె తాలూకు మనిషి ఇంకా పైగదిలోనే ఉన్నాడు. మనిషి కంటే ముందు సామాను గెంటడం మొదలైంది.

“లే అక్కణ్ణుంచి.”

“లేవను.”

“బరువుగా ఉందే!”

“దించుకోండి. ఎవరు మొయ్యమన్నారు?”

మేస్త్రి దించలేదు. ఊరందరికీ తలుపులూ కిటికీలూ చేసే మనిషి. చిత్రిక పడితే ఎంత మొండి చెక్కయినా దారికొస్తుంది గానీ, అతను రాడు. ఆ సంగతి ముప్ఫై ఏళ్లుగా ఆమెకి తెలుసు. ఇవాళ మాత్రం ఆమె కూడా దారికొచ్చేట్టు లేదు.

ఇంతకీ బుధవారం రాత్రి భోజనాల దగ్గర మేస్త్రి తల్లి అన్న ఒక్క మాట ఇంత పని చేసింది. ఆవిడకి ఎనభై దాటాయి. రొట్టె ముక్క నములుతూ, “మన ఫాదర్ ఎంత మంచివాడురా! ప్రతి ఆదివారం పోపుగారి పేరు చెప్పి మరీ ప్రార్థన చేస్తాడు,” అంది ముచ్చటగా.

ఇంకో ఇంట్లో అయితే ఈ మాటకి ఎవరూ తలెత్తి చూడరు. ఈ ఇంట్లో పిడుగు పడ్డట్టయింది.

ఎందుకంటే మేస్త్రీ, అతనితో కలిసి పూజకి కూర్చునే పదకొండు కుటుంబాల వాళ్లూ ఇప్పుడున్న పోపును పోపు అనరు. పూజ పద్ధతి మార్చేసి, లత్తీను భాష తీసేసి, పాత విశ్వాసాన్ని నీరుగార్చిన తర్వాత ఆ పీఠమెక్కిన వాళ్లెవరూ నిజమైన పోపులు కారని, పేతురు పీఠం కొన్ని దశాబ్దాలుగా ఖాళీగానే ఉందని వాళ్ల నమ్మకం. అందుకే ఊళ్లో మిగతా వాళ్లందరూ వెళ్లే విచారణ గుడి మానుకున్నారు. మేస్త్రి తన వర్క్‌షాపు ముందుగది ఖాళీ చేసి, ఒక్క మేకు కొట్టకుండా చెక్కకి చెక్క బిగించి బలిపీఠం చేశాడు. అక్కడ పాత పూజ, పాత భాషలో. తేడా ఒక్కటే. పాత పూజలో గురువు పోపు పేరు చెప్పే చోటొకటుంది. పీఠం ఖాళీ కాబట్టి అక్కడ ఏ పేరూ చెప్పకూడదు. మిగతా అన్నిటికంటే ఆ చెప్పకపోవడమే వాళ్లకి ప్రాణం.

ఆ భాగమంతా గురువు పెదవుల మధ్యనే చదువుకుంటాడు. వెనకాల మోకాళ్ల మీదున్న వాళ్లకి ఒక్క ముక్క వినపడదు. గంట కొట్టడానికి మెట్టు దగ్గరే కూర్చునే మేస్త్రికీ వినపడదు. చిత్రిక మిషను రొదలో అతని చెవులు సగం పోయి చాలా కాలమైంది. ఆ సంగతి అతను ఒప్పుకోడు, అది వేరే విషయం.

మరి పెద్దావిడకెలా వినపడింది? కిందటేడు తల్లికి కొత్త చెవి మిషను పెట్టించింది మేస్త్రే. దాంతోపాటు గుండీ అంత మైకు ఒకటిచ్చారు. ఎవరి మాట వినాలో వాళ్ల బట్టలకి తగిలిస్తే ఆ మాట తిన్నగా ఆవిడ చెవిలో పడుతుంది. ప్రసంగం వినపడటం లేదని తల్లి సణుగుతుంటే, దాన్ని ఫాదర్ పూజవస్త్రానికి స్వహస్తాలతో తగిలించిందీ మేస్త్రే. ప్రసంగం అయ్యాక దాన్ని ఆపాలని ఆ పుణ్యాత్ముల్లో ఒక్కరికీ తోచలేదు.

“పదకొండేళ్లు నన్ను మోసం చేశాడాయన,” అన్నాడు మేస్త్రి. పెట్టెను మోకాలి మీద ఆనించుకున్నాడు. “నా ఇంట్లో, నేను చేసిన బలిపీఠం మీద!”

“మోసమో కాదో ఆయన్నే అడగండి.”

“అడిగా. నోరు విప్పడు.”

“ఎనభై ఒక్కేళ్ల మనిషి. ఎక్కడికి పోతాడు?”

“ఎవరి పేరు చెబుతున్నాడో వాళ్ల దగ్గరికే పొమ్మను.”

“వాళ్లు రానిస్తారా? మనతో చేరాడనే కదా వాళ్లు తలుపేసింది! ఆ తలుపు వాళ్లు వేశారు, ఈ తలుపు మీరు వేస్తారు. మధ్యలో ఆ ముసలాయన రోడ్డు మీద పడుకోవాలి. అదేనా మీ పాత విశ్వాసం?”

మేస్త్రి పెట్టెను మెట్టు మీద దించాడు. జవాబు లేక కాదు, చేతులు పోయి.

సరిగ్గా అప్పుడే కింద తలుపు తోసుకుని లెక్కల మాస్టారు వచ్చాడు. రిటైరై చాలా ఏళ్లయినా చేతిలో సుద్దముక్క ఉన్నట్టే మాట్లాడతాడు. పాత శాసనాలన్నీ ఆయనకి కంఠతా. ఎవరి పెళ్లి చెల్లుతుందో, ఎవరి జ్ఞానస్నానం చెల్లదో తేల్చేది ఆయనే.

“నేను లెక్క వేశాను,” అన్నాడు, మెట్ల మీద పెట్టెనీ ఆమెనీ ఎగాదిగా చూసి. “ఏడాదికి యాభై రెండు ఆదివారాలు. పదకొండేళ్లకి ఐదువందల డెబ్బై రెండు పూజలు. అన్నీ మైలపడ్డాయి.”

“మాస్టారూ,” అంది మేస్త్రి భార్య, “మీ లెక్కలో మా అమ్మాయి ఎక్కడొస్తుంది?”

మాస్టారు మేస్త్రి వంక చూశాడు. మేస్త్రి మొహం గంటుపెట్టుకున్నాడు.

“ఆ పేరు ఎత్తొద్దని చెప్పా.”

“ఎత్తలేదు. అమ్మాయి అన్నాను. ఈ ఇంట్లో పలకకూడని పేర్లు రెండున్నాయి కదా. ఒకటి పోపుది, రెండోది మన కడుపున పుట్టినదానిది. గుర్తుంది నాకు.”

నాలుగేళ్లుగా ఆ ఇంట్లో కూతురి పేరు ఎవరూ పలకలేదు. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే పిల్ల. బస్సు డ్రైవరును ఇష్టపడింది. అతను మంచివాడనే మేస్త్రి కూడా అనుకున్నాడు. కానీ ఆ పిల్ల విచారణ గుడిలో, ఆ పేరు గట్టిగా చదివే పూజలో పెళ్లి చేసుకుంది. ఆ పూజలో మోకాళ్లూనినదానికి ఈ గుమ్మంలో చోటు లేదన్నాడు మేస్త్రి. పెళ్లి బట్టల్తో వచ్చి నిలబడ్డ పిల్ల మొహం మీదే తలుపేశాడు. తనే చేసిన తలుపు. అంత గట్టిగా వేశాడు గానీ చప్పుడు కాలేదు, అంత బాగా చేసుకున్నాడు మరి. అల్లుడి బస్సు ఆ వీధిలోంచే పోతుంది, ఇంటికి ఎడమ పక్క నాలుగిళ్ల అవతలే స్టాపు. కలప డిపో ఆ దారిలోనే ఉన్నా, నాలుగేళ్లుగా మేస్త్రి ఆ బస్సెక్కలేదు. రెండు మైళ్లూ నడుస్తాడు.

“ఒక్కసారి,” అంది ఆమె. గొంతు పెరిగింది. “ఒక్కసారి ఆ పేరు చెప్పే పూజలో మోకాళ్లూనిందని దాన్ని గుమ్మం ఎక్కనివ్వలేదు. మరి మీరు ఐదువందల డెబ్బై రెండుసార్లు ఊనారే! మాస్టారే లెక్క చెబుతున్నారు. ఇప్పుడు మిమ్మల్నెవరు గెంటాలి?”

వర్క్‌షాపులో జిగురు డబ్బా కింద సన్నగా మంట చప్పుడవుతోంది.

“నాకు తెలియదు కదా,” అన్నాడు మేస్త్రి చివరికి.

“తెలిసి చేయడం వేరు, తెలియక చేయడం వేరు,” అని మాస్టారు అందుకున్నాడు. “శాసనంలో...”

“ఓహో! మీ అందరికీ తెలియకపోతే మాఫీ. దానికి తెలిస్తే నాలుగేళ్ల శిక్ష. భలే శాసనం మాస్టారూ! ఎవరు రాశారో గానీ ఆడపిల్లను కన్నవాళ్లు మాత్రం రాసి ఉండరు.”

మాస్టారికి కోపం వచ్చింది. పెళ్లాం పిల్లలు లేని మనిషి. ఆమెతో పెట్టుకోకుండా తిన్నగా పెద్దావిడ గదిలోకి నడిచాడు. మేస్త్రీ ఆమెను దాటుకుని వెళ్లాడు. ఆమె కూడా లేచి వెనకాలే వెళ్లింది.

పెద్దావిడ కిటికీ పక్క మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

“అమ్మగారూ, జాగ్రత్తగా ఆలోచించి చెప్పండి,” అన్నాడు మాస్టారు. “ఆ పేరు నిజంగా విన్నారా?”

“అరవకు నాయనా. మిషను పెట్టుకునే ఉన్నా. విన్నాను. ఏడాదిగా వింటున్నా.”

“ఒకవేళ పొరపాటున...”

“పొరపాటేంటి? నాకు చెవులు పోయాయి గానీ బుర్ర పోలేదు. ఆ ఒక్క పేరేనా? ఆ వెంటనే బతికున్న వాళ్ల కోసం ఇంకా బోలెడు పేర్లు చెబుతాడు. ఒక్కొక్కరినీ తలచుకుని, ఆగి ఆగి...”

“చాలమ్మా,” అన్నాడు మేస్త్రి. “ఆ ఒక్క పేరు చాలు. మిగతావి మాకొద్దు.”

పెద్దావిడ చెవి దగ్గరికి చెయ్యి పోనిచ్చింది.

“మీరు అడగరు. చెబితే వినరు,” అని గొణిగి, మిషను తీసి దిండు పక్కన పెట్టుకుంది. ఇక ఆవిడతో మాట్లాడ్డానికి లేదు.

మాస్టారి చూపు ఆ మిషను మీద పడింది.

“రేపు ఆదివారం కదా,” అన్నాడు నెమ్మదిగా. “రేపు అది మీరు పెట్టుకోండి మేస్త్రీ. మీ చెవుల్తో మీరే వినండి. పేరు పడిందా, గంట ఆపకుండా కొట్టండి. మేమందరం లేచి బయటికి నడుస్తాం. ఆయన పెట్టె గుమ్మం దగ్గర ఉంచండి.”

“అలాగే కానివ్వండి,” అన్న మాట గుమ్మంలోంచి వచ్చింది.

ముసలి ఫాదర్ గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడు దిగాడో ఎవరూ చూడలేదు. తన పెట్టెను తనే దాటుకుని వచ్చి ఉండాలి.

“చెప్పారా, లేదా? ఆ ఒక్క మాట చెప్పండి ఫాదర్,” అన్నాడు మేస్త్రి. గొంతులో కోపం ఉంది, కింద ఇంకేదో కూడా ఉంది. “లేదనండి. మీ మాట మీద పెట్టె నేనే పైకి మోస్తాను.”

“బలిపీఠం దగ్గర మాట్లాడేది నీతో కాదు బాబూ. దానికి మెట్ల మీద సాక్ష్యం చెప్పలేను. రేపు వినమంటున్నారుగా, విను.”

అంతే. అందరూ ఎవరి దారిన వాళ్లు పోయారు. నన్నడిగితే, అబద్ధం చెప్పమని బతిమాలుకునే కోపాన్ని అంతగా నమ్మక్కర్లేదు. ఆ సంగతి అప్పుడు మేస్త్రి భార్యకి తోచలేదు. ఆమెకి కనపడిందల్లా గుమ్మం పక్కకి చేరిన రేకు పెట్టె.

మధ్యాహ్నం ఆమె పెరటి షెడ్డులో ఒక తలుపుకి గరుకు కాగితం పడుతోంది. మేస్త్రి తలుపు చేస్తే లప్పం పెట్టి, నున్నగా రుద్ది, వార్నిషు వేసేది ఆమే. ఫాదర్ వచ్చి, పేర్చిన పలకల మీద కూర్చున్నాడు.

“రేపొక్కరోజు మానెయ్యండి,” అంది ఆమె తల తిప్పకుండా. “ఒక్క పేరు. పెదవి కదలకపోతే ఏం పోయింది?”

“ఒక్క పేరేనమ్మా. మీ అమ్మాయిది కూడా ఒక్క పేరే కదా. ఈ ఇంట్లో మానేసి నాలుగేళ్లయింది. నీకెలా ఉంది?”

ఆమె చెయ్యి ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నీళ్ల వెనకాలే మంట కూడా వచ్చింది.

“ఇన్ని మాటలు వచ్చిన మనిషి, పదకొండేళ్ల కిందటే ఆయనకెందుకు చెప్పలేదు? నేను పోపు పేరు చెబుతాను, ఇష్టమైతే ఉంచుకో, లేకపోతే లేదు అని?”

“చెప్పాల్సింది.” ఫాదర్ అరచేతులు చూసుకున్నాడు. “పూజ మార్చడం నాకూ నచ్చలేదు. పాతదే చేస్తానన్నాను, విచారణ గుడి నుంచి పంపించేశారు. కానీ తండ్రి తప్పు చేస్తే పోట్లాడతాం గానీ, ఇంట్లో తండ్రే లేడని చెప్పుకుంటామా? నాకు చేతకాలేదు. అదే మేస్త్రికి చెబుదామనుకున్నా. ఇక్కడ బలిపీఠం ఉంది. పైన గది ఉంది. వేళకి తిండి ఉంది. నోరు మూసుకున్నాను. అది నా పిరికితనమే. మేస్త్రి కోపంలో న్యాయముంది.”

“న్యాయం!” గరుకు కాగితం విసిరికొట్టింది. “మీరు పిరికితనంతో నోరు మూసుకున్నారు. ఆయన పంతంతో నోరు మూయించాడు. నేను భయంతో మూసుకున్నాను. మధ్యలో ఆ పిల్లకి పురిటినొప్పులు వస్తే పక్కన తల్లి లేదు. ఎవరు తీరుస్తారు ఆ న్యాయం?”

మేస్త్రికి తెలియని విషయం అదే. లప్పం, కాగితాలు కొనుక్కొస్తానని ప్రతి గురువారం ఆమె వెళ్లేది కూతురి ఇంటికి. కూతురికి పాప పుట్టి రెండేళ్లయింది, అప్పట్నుంచే ఈ వెళ్లడం. నెల రోజుల పాపను మొదటిసారి ఎత్తుకుని వచ్చిన రోజున, గుండె పట్టక ఫాదర్ ఒక్కరికే చెప్పుకుంది. అత్తగారికి కూడా చెప్పలేదు. మేస్త్రికి చెబుదామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. ఆ పాప జ్ఞానస్నానం చెల్లదని మాస్టారు లెక్క తీస్తాడని, దానికి ఈయన తలూపుతాడని తలచుకుంటే ఆమె ఒళ్లు మండిపోయేది.

“మిమ్మల్ని పంపిస్తే నేనూ వెళ్లిపోతాను ఫాదర్. ఉట్టి మాట కాదు. నా కూతురి దగ్గరికి పోతాను.”

“నా కోసం వెళ్లకు తల్లీ.”

“మీ కోసమని ఎవరన్నారు? నేను వెళ్లాల్సింది నాలుగేళ్ల కిందట. ఆ రోజు తలుపు పడుతుంటే ఇవతల నిలబడి చూశాను. అవతల నిలబడాల్సింది.”

ఫాదర్ కింద పడ్డ కాగితం తీసి, దులిపి, ఆమెకిచ్చాడు.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి పదకొండు కుటుంబాలూ వచ్చాయి. గుమ్మం పక్కన రేకు పెట్టెను చూసి, తప్పుకుని, లోపలికి నడిచారు. ఒక్కరూ అదేమిటని అడగలేదు. పదకొండేళ్లు ఆయన చేత జ్ఞానస్నానాలు చేయించుకున్నారు, పాపాలు చెప్పుకున్నారు, జబ్బు చేస్తే మంచం పక్కకి పిలిపించుకున్నారు. ఇవాళ ఆయన పెట్టె కాలికి తగలకుండా చూసుకుంటున్నారు. మేస్త్రి భార్యకి ఆ వరస చూస్తే అందరి మొహాల మీదా వార్నిషు డబ్బా విసరాలనిపించింది.

ఆమె తల మీద ముసుగు సర్దుకుని అత్తగారి పక్కన మోకాళ్లూనింది. పెద్దావిడ చెవి బోసిగా ఉంది. మిషను మేస్త్రి చెవిలో ఉంది. అతను బలిపీఠం మెట్టు దగ్గర, గంట పక్కన, కొయ్యలా కూర్చున్నాడు. ఫాదర్ పూజవస్త్రం మీద నల్ల గుండీ లాంటి మైకు. దాన్ని ఈసారి తగిలించింది మాస్టారు.

పూజ మొదలైంది. ప్రసంగం చెప్పలేదు ఫాదర్. “పవిత్రుడు, పవిత్రుడు, పవిత్రుడు” అనే చోట మేస్త్రి మామూలుగా గంట కొట్టాడు. ఆ తర్వాత గది నిశ్శబ్దమైపోయింది. ఫాదర్ వీపు మాత్రమే కనపడుతోంది. వంగాడు, బలిపీఠాన్ని ముద్దు పెట్టుకున్నాడు, చేతులు చాచాడు.

మేస్త్రి భార్య భర్తనే చూస్తోంది. ఆ చోటు ఎక్కడొస్తుందో ఆమెకి తెలుసు. చెప్పకండి ఫాదర్, ఒక్క రోజు చెప్పకండి అని లోపల్లోపల అనుకుంటూనే ఉంది.

మేస్త్రి భుజాలు బిగుసుకున్నాయి.

మెడ మీద నరం లేచింది. చెయ్యి గంట మీదికి పోయింది. గంట నేల మీంచి లేచింది. చెప్పేశాడు. ఆ ముసలాయన చెప్పేశాడు. వెనక వరసలో మాస్టారు అప్పుడే ఒక మోకాలు ఎత్తాడు.

గంట మోగలేదు.

మేస్త్రి గంట లోపలి నాలుకను వేలితో పట్టుకుని దాన్ని గాల్లోనే ఆపేశాడు. తల పక్కకి వంచాడు, ఇంకా బాగా వినడానికన్నట్టు. బలిపీఠం దగ్గర ఫాదర్ చేతులు జోడించి, కదలకుండా నిలబడ్డాడు. బతికున్న వాళ్లను ఒక్కొక్కరినీ తలచుకునే చోటు అది. ఆయన ఎంతసేపు తలచుకున్నాడో మేస్త్రి అంతసేపూ ఊపిరి తీయలేదు. అతని మొహం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. కింది పెదవి చిన్నపిల్లాడి పెదవిలా వణికింది. ముప్ఫై ఏళ్లలో ఆమె ఆ పెదవి అలా చూడలేదు.

అప్పుడతను వెనక్కి తిరిగాడు. పూజలో ఎవరూ తుమ్మడానికి కూడా సాహసించని ఆ నిశ్శబ్దంలో, అందరికీ వినపడేలా భార్యను అడిగాడు.

“పాప ఎప్పుడు పుట్టింది?”

ఆమెకి ముందు అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా అంతా అర్థమైంది. ప్రతి ఆదివారం, ఈ గదిలో, ఈ మనిషికి రెండు గజాల దూరంలో, ఆ పేర్లన్నీ ఫాదర్ పెదవుల మీద ఆడుతూనే ఉన్నాయి. కూతురిది, అల్లుడిది, ‘వాళ్ల పాప’ అంటూ పాపది. ఇంట్లో ఎవరూ పలకని పేరు పలకడం మానని మనిషి ఒక్కడున్నాడు, అతని పెట్టె గుమ్మం దగ్గర ఉంది.

ఆమెకి ఏడుపు రావాలి. కోపం వచ్చింది. నాలుగేళ్ల కోపం.

“నన్నెందుకు అడుగుతారు?” అంది, గొంతు తగ్గించకుండానే. “తలుపు మూసింది మీరేగా. వెళ్లి దాన్నే అడగండి.”

పెద్దావిడకి ఇద్దరి మాటా వినపడలేదు. కొడుకు మొహం మాత్రం కనపడింది. అది చాలింది ఆవిడకి.

“విన్నావురా?” అంది, చెవిటివాళ్లు అరిచినట్టు గట్టిగా. “చెబుతానంటే వద్దన్నావుగా! నా పేరే పెట్టుకున్నారు దానికి. నా పేరే!”

మాస్టారు లేచి నిలబడ్డాడు. “మేస్త్రీ! పేరు పడిందా లేదా? గంట కొట్టండి!”

మేస్త్రి కూడా లేచాడు. బలిపీఠం అంచు పట్టుకుని లేచాడు. ఫాదర్ వెనక్కి తిరగలేదు. ఆయన పెదవులు మళ్లీ కదలడం మొదలైంది. మేస్త్రి వరసల మధ్యలోంచి నడిచాడు. ఎవరి వంకా చూడలేదు. గంట చేతిలోనే ఉందన్న సంగతి కూడా మర్చిపోయినట్టున్నాడు. అడుగు వేసినప్పుడల్లా అది మోగుతోంది.

“అదుగో గంట!” అన్నాడు మాస్టారు. “అనుకున్నట్టే. పదండి, అందరూ పదండి.”

కొందరు లేచారు. కొందరు లేవాలా వద్దా అని పక్కవాళ్ల వంక చూస్తున్నారు. మేస్త్రి గుమ్మం దగ్గర రేకు పెట్టెకు కాలు తగిలి తూలాడు. దాన్ని పక్కకి కూడా జరపకుండా దాటేసి వీధిలోకి దిగాడు.

“నా చెవి మిషను పట్టుకుపోతున్నాడేమే!” అంది పెద్దావిడ కోడలితో.

మేస్త్రి భార్య మోకాళ్ల మీంచి లేవలేదు. చెవులు రిక్కించి గంట చప్పుడు వింటోంది. ఇంటికి కుడి పక్క మాస్టారి వీధి, ఆ వెనక మిగతా కుటుంబాల ఇళ్లు. ఎడమ పక్క నాలుగిళ్ల అవతల బస్టాపు.

గంట ఎడమకి తిరిగింది.

నడక వేగం పెరిగినట్టుంది, చప్పుడు గబగబా దూరమవుతోంది. అంతలో వీధి మలుపు దగ్గర బస్సు హారను మోగింది. ప్రతి ఆదివారం ఆ బస్సు పూజ మధ్యలో అలాగే వస్తుంది, ఆ చప్పుడుకి మేస్త్రి ప్రతిసారీ పళ్లు బిగపడతాడు. బ్రేకు కీచుమంది. గంట మోగడం ఆగిపోయింది.

బస్సు చాలాసేపు కదల్లేదు.

ఆదివారం పొద్దుటి ట్రిప్పు అల్లుడిదే.